తలదెబ్బ తర్వాత మనసు – 4వ పాఠం: దిగులా, దెబ్బ తాలూకు బాధా?

వాంతులు, మూర్ఛ, మగత, అంతకంతకూ పెరిగే తలనొప్పి ఉంటే వెంటనే రిఫర్ చేయాలని పోయిన పాఠంలో చూశాం. ఆ గండం దాటి, స్కాన్ బాగుందని ఇంటికెళ్లి, నెలన్నరకి మళ్లీ పీహెచ్‌సీకి వచ్చే మనిషి సంగతి ఇప్పుడు.

కవిటి వైపు కొబ్బరిచెట్టు మీంచి జారిపడిన నలభై ఏళ్ల రైతు అనుకోండి. "బుర్ర బరువుగా ఉంది బాబూ" అని ఊరుకుంటాడు. భార్య మాత్రం "మనిసి మారిపోనాడు బాబూ, పిల్లల్ని ఊరికే కసురుకుంటన్నాడు" అంటుంది. సగం జబ్బు ఆవిడే చెప్పేసింది. తర్వాత ఆయన్నొక్కడినే కూర్చోబెట్టి అడగండి. తాగుడు, చచ్చిపోవాలన్న ఆలోచన ఇంటావిడ ముందు బయటికి రావు.

పీహెచ్‌క్యూ-9 అనే, దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టికతో చిక్కేమిటంటే, అందులోని నిద్ర, నీరసం, ధ్యాస నిలవకపోవడం దెబ్బవల్ల కూడా వస్తాయి. స్కోరు 10 దాటగానే డిప్రెషన్ అని రాసేయకండి. "తలనొప్పి లేని పూట తోటకు పోబుద్ధవుతోందా?" అని అడగండి. పోతానంటే ముందు నొప్పి, నిద్ర సంగతి చూడండి. నొప్పి లేని పూట కూడా ఏదీ వద్దనిపిస్తుంటే అది దిగులే, వైద్యం మొదలుపెట్టాలి. చచ్చిపోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు వస్తే మొత్తం స్కోరు ఎంతైనా ఆగకూడదు. ఆ ఆలోచన ఎంతవరకూ వెళ్లిందో అప్పుడే అడగండి, ఒంటరిగా వదలొద్దనీ పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయమనీ చెప్పండి, అదేరోజు సైకియాట్రిస్టుతో మాట్లాడండి. మనోవ్యథకు ఫోన్లోనే సాయమందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు చీటీ మీద రాసివ్వండి.

ఒక హెచ్చరిక. పెద్దవయసు వాళ్లలో, బాగా తాగేవాళ్లలో మెదడు పైపొరల కింద రక్తం వారాల తరబడి మెల్లగా చేరవచ్చు. చిరాకుతోపాటు నడక తూలడం, మతిమరుపు, మగత రోజురోజుకీ పెరుగుతుంటే మొదటి స్కాన్‌ను నమ్ముకోకుండా మళ్లీ తీయించండి.

ఇక వైద్యం. "స్కాన్‌లో ఏమీ లేదు" అంటే రోగి చెవికి "నువ్వు నటిస్తున్నావు" అని వినబడుతుంది. "దెబ్బ నిజమే, మెదడు తేరుకుంటోంది, ఎక్కువమందికి తగ్గిపోతుంది" అనండి. పూర్తి విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే. నెలల తరబడి చీకటిగదిలో పడుకోబెడితే దిగులు ముదురుతుంది. రోజూ కాస్త నడక, ఆపైన పూటపని. చెట్టెక్కడం అన్నిటికన్నా ఆఖర్న, అదీ కళ్లుతిరగడం పూర్తిగా పోయాకే.

మందు అవసరమైతే సెర్ట్రలిన్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం తర్వాత 50కి పెంచండి. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పకపోతే నాలుగోరోజే మానేస్తారు. నిద్రకోసం అల్ప్రాజోలం రాయకండి. జ్ఞాపకాన్నీ నడకనీ ఇంకా చెడగొడుతుంది, పైగా అలవాటవుతుంది. డైక్లోఫెనాక్ విషయంలో ఉద్దానంలో మరీ జాగ్రత్త. ఇక్కడి కిడ్నీ జబ్బు తెలిసిందే కదా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా నొప్పి మాత్ర రాయడం నా దృష్టిలో తప్పు. పారాసిటమాల్ అయినా నెలలో 15 రోజులు, అంతకుమించి నెలల తరబడి మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.

5వ పాఠం నిద్ర గురించి. ఈలోగా మీ ఓపీ రిజిస్టర్లో మూడు నెలల వెనక్కి వెళ్లి తలదెబ్బ కేసులు ఏరండి. మళ్లీ రానివాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తను పంపి, ఆ మనిషి ఎలా ఉన్నాడని ఇంట్లోవాళ్లను అడిగించండి.