ఊళ్లో అమరజవాన్ల శిల పెట్టించే ముందు

ఊరి జవాన్లకు స్మారకం అనగానే చందాలు పోగేసి రాతి కొట్టుకు పరుగెడతారు. ముందు కావలసింది రాయి కాదు, పేర్ల కాగితం. రాతిమీద పడిన తప్పును చెరిపే రబ్బరు ఎవరి దగ్గరా లేదు.

ప్రతి పేరుకీ సర్వీసు నంబరు, ర్యాంకు, యూనిట్, మరణించిన తేదీ, చోటు రాబట్టండి. ఇంట్లో సర్వీసు కాగితాలో పెన్షన్ ఆర్డరో ఉంటే అందులోంచే ఎక్కించుకోవాలి, నోటిమాట మీద కాదు. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, ఆ తర్వాత రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయండి. స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ల పేర్లను ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రం గోడలతో పోల్చుకోవచ్చు. ప్రపంచ యుద్ధాలవాళ్లకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉంది. అది 4 ఆగస్టు 1914 నుంచి 31 ఆగస్టు 1921 దాకా, 3 సెప్టెంబరు 1939 నుంచి 31 డిసెంబరు 1947 దాకా చనిపోయినవాళ్లది. బతికి తిరిగొచ్చినవాళ్లను అందులో వెతికి లాభం లేదు.

నంబరు ఎందుకంటారా? పశ్చిమ గోదావరి మాధవరంలా తరతరాలుగా మిలిటరీకి వెళ్లే ఊళ్లలో తాత పేరే మనవడికీ ఉండొచ్చు.

ర్యాంకును 'సరిదిద్దకండి'. మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళంలో సాపర్, ఫిరంగిదళంలో గన్నర్ అంటారు, సిపాయి అనరు. పాత 'జమేదార్'ను ఇప్పటి పేరైన నాయబ్ సుబేదార్‌గా మార్చినా తప్పే.

ఇక అక్షరాలు. చెక్కేవాళ్లు చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లు వాడతారు. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ పేర్లను అందులోకి మార్చేటప్పుడు వత్తులు జారిపోతుంటాయి. 'లక్ష్మయ్య'లో మకారపు వత్తు ఎగిరిపోతే 'లక్షయ్య' అవుతాడు. అందుకే అసలు సైజులో ప్రింటు తీయించి, ఇంటివాళ్లతో కూడబలుక్కుని చదివించి, సంతకం పెట్టించుకున్నాకే పని మొదలుపెట్టించండి.

అక్షరం అంగుళానికి తగ్గొద్దు. వరుసల మధ్య కూడా దాదాపు అంతే ఎడం కావాలి, లేకుంటే పై వరుస వత్తులు కింది వరుస గుళ్లకు తగులుతాయి. లోతు 3 మిల్లీమీటర్లు ఉండాలి. లేజరుతో గీసింది పైపొరే, రంగు వెలిస్తే చదవలేం. మచ్చలేని నల్ల గ్రానైటే మేలు. చీమకుర్తి గెలాక్సీ అందమైనదే గానీ, దాని మెరుపు చుక్కలు సన్నక్షరాలను మింగేస్తాయి. పేర్లను అక్షరక్రమంలో కాకుండా తేదీల వరుసలో పెట్టి, తర్వాత చేర్చాల్సివచ్చే పేర్లకు అడుగున ఖాళీ వదలండి.

నల్లరేగడి నేలయితే గట్టి మొరం తగిలేదాకా తవ్వాలి. రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, రెండేళ్లలో శిల ఒరుగుతుంది. పీఠానికీ శిలకీ మధ్య మామూలు ఇనుప కడ్డీ వేస్తే తుప్పుపట్టి, ఉబ్బి, రాయిని చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అడగండి.

చోటు విషయంలో రోడ్డు పక్క ఆశ వదులుకోండి. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలు వద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. బడి ఆవరణో పంచాయతీ స్థలమో చూసి, తీర్మానం రాతపూర్వకంగా తీసుకోండి.

ఆవిష్కరణ రోజు శిలకు జాతీయ జెండా కప్పకూడదు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. మామూలు తెల్లగుడ్డ చాలు.