బెజవాడ ఎండలకు 82 డిగ్రీల థర్మోస్టాట్

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్; 82 అంటే అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి. అది నిర్ణయించేది ఇంజన్ కనీస వేడిని, గరిష్ఠాన్ని కాదు. అది పూర్తిగా తెరుచుకున్నాక భారమంతా రేడియేటర్, ఫ్యాన్లదే. మే నెలలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ సూది పైకి పాకుతుంటే ముందు ఆ రెండూ చూడాలి.

నా టర్బో పెట్రోల్ కారులో 88 తీసి 82 వేశాను. 71 మాత్రం వద్దు. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, కూలెంట్ తగినంత వేడెక్కలేదని చెప్పే పీ0128 ఎర్రర్ కోడ్ రావచ్చు, ఆయిల్‌లో చేరిన తేమ సరిగా ఆవిరవదు.

బిగించే ముందు గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, అడుగుకు తగలకుండా, థర్మామీటర్ పెట్టి కాచాలి. 82 దగ్గర కదిలి, 95 కల్లా పూర్తిగా తెరుచుకోవాలి. కొత్తదే కదా అని ఈ పని వదిలేయకండి.

చల్లారిన ఇంజన్‌లోనే పని. వేడికి ఉబ్బి వాల్వ్‌ని తెరిచే మైనపు గుళిక ఇంజన్ వైపు, గాలిని వదిలే చిన్న జిగిల్ వాల్వ్ పైకి, రబ్బరు రింగు కొత్తది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బోరు నీళ్ల ఉప్పు రేడియేటర్‌ని పూడ్చేస్తుంది. హీటర్ ఫుల్‌లో పెట్టి కూలెంట్‌లో చిక్కిన గాలంతా తీయాలి. గుళిక దగ్గర గాలి మిగిలితే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని ఇంజన్ ఉడికిపోతుంది.

చివరగా ఈసీయూ ట్యూనింగ్‌లో ఫ్యాన్ మొదలయ్యే వేడిని 100 నుంచి 95కి దించాను. ఇది చేయకపోతే ఆగిన ట్రాఫిక్‌లో 82కీ 88కీ తేడా కనిపించదు.