ఎండలు ముదరకముందే డెస్క్‌టాప్ డబ్బా ఒకసారి తెరవండి

ప్రతి ఏడూ ఇదే తంతు. చలికాలమంతా బుద్ధిగా నడిచిన సిస్టమ్ ఎండలు మొదలైన రెండో వారంలో గేమ్ మధ్యలో టప్పున ఆగిపోద్ది, వెంటనే నాకు ఫోన్, "కూలర్ పోయినట్టుంది, మంచిది ఏది కొనమంటావ్" అని. కూలర్ అంటే గదిలో పెట్టేది కాదు, డబ్బా లోపల ప్రాసెసర్ చిప్ మీద కూర్చుని దాన్ని చల్లబరిచేది. పోయింది కూలరో కాదో చూడకుండానే కొనేద్దామంటారు. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపల చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుద్ది, ఫ్యాన్ ఎంత గిరగిరా తిరిగినా గదిలో ఉన్న గాలినే కదా లోపలికి తోసేది. చలిలో 88 డిగ్రీల దగ్గర నడిచిన చిప్ అప్పటికే అంచున ఉంది, మనమే చూసుకోలేదు.

అందుకని ఇప్పుడే, ఇంకా వాతావరణం చల్లగా ఉండగానే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, లోపలి వేడి చూపించే సాఫ్ట్‌వేర్ వేసుకుని మీరు రోజూ చేసే బరువైన పని (గేమో, వీడియో రెండరింగో) ఒక అరగంట నడిపి, సీపీయూ ఎంత వేడెక్కింది, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఎంత, ఫ్యాన్లు ఎంత స్పీడులో తిరిగాయి, గది వేడి ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. సీపీయూ అంటే ప్రాసెసర్ చిప్ అండోయ్, డబ్బా మొత్తాన్ని సీపీయూ అనే అలవాటు మనకుంది గానీ ఇక్కడ డబ్బాని క్యాబినెట్ అనుకుందాం. తర్వాత పక్క తలుపు తీసేసి అదే పని మళ్ళీ నడపండి, వేడి ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే గాలి బానే ఆడుతున్నట్టు, ఏడెనిమిది తగ్గిందంటే కూలర్ మంచిదే, క్యాబినెట్‌లోకి గాలి రావట్లేదు, కొత్త కూలర్ కొన్నా డబ్బు దండగ.

ఇక అంకెలు చూసి కంగారు పడేవాళ్ళకి ఒక మాట. చాలా ఇంటెల్ చిప్‌ల హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95, పైగా ఆ రైజెన్‌లు ఫుల్ లోడ్‌లో కావాలనే ఆ 95 దాకా వెళ్ళి అక్కడే కూర్చుంటాయి, అలా తయారుచేశారు. హద్దు తగిలితే చిప్ ముందు తన స్పీడు తగ్గించుకుంటది, అంటే గేమ్ నత్తనడక నడుస్తది, అప్పటికీ వేడి ఆగకపోతేనే ఆఫ్. కాబట్టి ఏ నత్తనడకా లేకుండా, వేడి అంకెలు మామూలుగా ఉండగా ఉన్నట్టుండి కరెంటు పీకేసినట్టు ఆరిపోయిందంటే నా అనుమానం మొదట ఎస్‌ఎంపీఎస్ మీదే, అంటే గోడ కరెంటుని లోపలి భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె మీద. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా) కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ కనపడిందని "ఎస్‌ఎంపీఎస్ పోయిందని విండోసే చెప్పింది" అంటారు కొందరు, అది చెప్పేది సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ అవ్వలేదు అని మాత్రమే, ఎందుకో చెప్పదు.

నన్నడిగితే ఎండాకాలంలో ఎక్కువ దెబ్బతినేది, తక్కువమంది పట్టించుకునేది ఈ ఎస్‌ఎంపీఎస్సే. లోపల ఉండే కెపాసిటర్లకి (కరెంటుని కాసేపు నిలవచేసే భాగాలు) పెరిగే ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోద్ది. దాని గాలి రంధ్రం చాలా క్యాబినెట్లలో అడుగున ఉంటది, కింద జాలీ నిండా దుమ్ము పట్టి గాలాడక ఉడికిపోతుంటే మనం పైన లైట్ల ఫ్యాన్ తుడుస్తూ కూర్చుంటాం. ఆ జాలీ లాగి కడిగి ఆరబెట్టండి, క్యాబినెట్‌ని తివాచీ మీద పెట్టకండి. ఓల్టేజీ చూడాలంటే మల్టీమీటర్‌తో లోడ్ మీద ఉన్నప్పుడు చూడండి, 12 ఓల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్యన, 5 ఓల్టులది 4.75 నుంచి 5.25 మధ్యన ఉండాలి, సాఫ్ట్‌వేర్ చూపించే అంకెల్ని పూర్తిగా నమ్మొద్దు. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్ళే పెద్ద ప్లగ్గులో పచ్చ వైరుని నల్ల వైరుకి కలిపి ఆన్ చేసే చిట్కా తెలుసు కదా, దాంతో తెలిసేది ఆన్ అవుద్దా లేదా అన్నదే, బరువు మొయ్యగలదా అన్నది తెలీదు. ఏం చేసినా ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, 230 ఓల్టుల సరఫరా ఉన్నచోట లోపలి పెద్ద కెపాసిటర్లో 300 ఓల్టుల పైన ఉంటది, ప్లగ్ పీకాక కూడా కాసేపు ఉండిపోవచ్చు.

కొత్తది కొనాల్సి వస్తే సీపీయూ 150 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 250, మిగతావన్నీ ఒక 75 అనుకుంటే 475 అయ్యింది, నేనైతే 650 తీసుకుంటా. గ్రాఫిక్స్ కార్డు రెప్పపాటు కూడా పట్టని సమయంలో తన లెక్క దాటి లాగుద్ది, అప్పుడే చిన్న ఎస్‌ఎంపీఎస్‌లు భయపడి ఆఫ్ అయిపోతాయి, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 (ఎస్‌ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) ఇలాంటి ఉరుకుల్ని తట్టుకోవాలని ముందే రాసిపెట్టింది. 80 ప్లస్ గోల్డ్ అని ఉంటే కరెంటు తక్కువ వృథా చేస్తదని అర్థం, అంతేగానీ భద్రతకి గ్యారంటీ కాదు, ఆ టెస్ట్ చేసేది కూడా 23 డిగ్రీల దగ్గర. మనకి కావాల్సింది స్పెక్ షీటులో ఇంకో మూల ఉంటది, ఫుల్ వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందని. 40 అని ఒకటి, 50 అని ఒకటి ఉంటే రెండోదే తీసుకోండి.

పాత ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ కేబుళ్ళు (విడిగా ఊడదీసేవి) కొత్తదానికి వాడొద్దు. ప్లగ్ చక్కగా పట్టుద్ది, లోపల వైర్ల వరస మాత్రం వేరే ఉండొచ్చు, ఒకే కంపెనీ రెండు మోడళ్ళలో కూడా. నేను బద్ధకించి హార్డ్‌డిస్క్‌లకి కరెంటు ఇచ్చే పాత సాటా కేబుల్ అలాగే ఉంచేసా ఒకసారి, పవర్ నొక్కగానే చిన్న చిటపట, కాలిన వాసన, రెండు హార్డ్‌డిస్క్‌లు పోయాయి, అందులో ఒకటి బ్యాకప్ డిస్క్, ఇంకేం చెప్పను.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. థర్మల్ పేస్ట్ (చిప్‌కీ కూలర్‌కీ మధ్యన పూసేది) మూడు నాలుగేళ్ళు దాటి, వేడి అంకెలు మెల్లగా పెరుగుతుంటే మార్చొచ్చు, బఠాణీ గింజంత చాలు. పాత ఏఎం4 సాకెట్ (పాత రైజెన్ చిప్‌లు కూర్చునేది) వాళ్ళు జాగ్రత్త, చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ని నిటారుగా పైకి లాగితే చిప్ దానికి అంటుకుని సాకెట్లోంచి ఊడొచ్చేస్తది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్ట్ మెత్తబడనిచ్చి, ఆఫ్ చేసి ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెలితిప్పుతూ తియ్యండి. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర పీకడం మర్చిపోయినోళ్ళు నాకు ముగ్గురు తెలుసు. ఫ్యాన్‌కి అడ్డ కమ్మీలు ఉన్నవైపు నుంచి గాలి బయటికొస్తది, ముందు నుంచి లోపలికి, వెనక నుంచి, పైనుంచి బయటికి, అంతే. ఏఐఓ లిక్విడ్ కూలర్ (గొట్టాల్లో ద్రవాన్ని పంపుతో తిప్పి చల్లబరిచేది) అయితే పంపు అన్నిటికన్నా ఎత్తులో ఉండకూడదు, గాలి బుడగలు అందులోనే చేరి గురగుర మంటది.

ఇంకోటి, క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కొద్దిగా లీకయ్యే కరెంటుని ఎర్త్‌కి పంపాలి, దారి లేక డబ్బా మీదే తేలుతుంది, కూలర్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. యూపీఎస్ మీద రాసే వీఏ అంటే వాట్లు కాదు, 1000 వీఏ అన్నవి చాలావరకు 600 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. ఎండాకాలం చివర్లో ఉరుములు మెరుపులు మొదలైతే స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గే పీకండి, రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ కేబుల్ కూడా, దాన్ని అందరూ మర్చిపోతారు.