ఆర్మేనియా సిలువరాయిని చదవడం ఎలా

ఆర్మేనియన్‌లో ఖచ్ అంటే సిలువ, కార్ అంటే రాయి. సిలువ చెక్కి నిలిపిన రాయే ఖచ్‌కార్. ఆ మాట వినగానే సమాధిరాయి అనుకుంటారు. సమాధుల దగ్గర చాలా ఉన్న మాట నిజమే, కానీ యుద్ధం గెలిచినా, వంతెన కట్టినా, చర్చి పూర్తయినా నిలిపేవారు. ఏది ఎందుకు నిలిపారో శాసనమే చెబుతుంది.

చెక్కిన ముఖం పడమరకు ఉంటుంది. దాని ఎదుట నిలబడితే మీరు తూర్పుకు తిరిగినట్టే, ప్రార్థన దిక్కు అదే. ఉదయం ఆ ముఖం నీడలో ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే వెళ్లండి. అప్పుడు ఎండ కుడిపక్కనుంచి ఏటవాలుగా పడి, అరిగిన గీతలు కూడా తేలతాయి. గోడల్లో పొదిగిన రాళ్లను వేరేచోటి నుంచి తెచ్చి ఉండొచ్చు కాబట్టి వాటి దిక్కును నమ్మకండి. టార్చిని పక్కనుంచి పట్టండి. అక్షరాలు కనబడాలని సుద్ద మాత్రం రుద్దవద్దు. ఈ రాళ్లలో చాలావాటికి వాడిన టఫ్ గుల్లరాయి, సుద్ద దాని రంధ్రాల్లోకి దిగి ఉండిపోతుంది.

సిలువ మీద సాధారణంగా క్రీస్తు దేహం కనిపించదు. సిలువ అడుగునుంచి రెండు పక్కలకూ ఆకులు లేస్తాయి: అది జీవవృక్షం. హఘ్పాత్ మఠంలోని 1273 నాటి సర్వరక్షకుడి ఖచ్‌కార్ వంటి కొన్నింటిలోనే దేహాన్ని చెక్కారు.

అసలు తప్పులు జరిగేది తేదీ దగ్గరే. మెస్రోప్ మష్తోత్స్ 405 ప్రాంతంలో కూర్చిన 36 ఆర్మేనియన్ అక్షరాలే అంకెలు కూడా: మొదటి తొమ్మిది ఒకట్లు, తర్వాతి తొమ్మిది పదులు, ఆపై వందలు, వేలు. 'చా, ఇని, బెన్' అనే అక్షరాలు ఉంటే 700, 20, 2, మొత్తం 722. ఆర్మేనియన్ శకం 552లో మొదలైంది కనుక 551 కలపండి: 1273. కలపడం మరిచిపోతే రాయి ఐదున్నర శతాబ్దాలు పాతదైపోతుంది. పాత సంవత్సరం జనవరిలో మొదలయ్యేది కాదు, అందుకే ఒక ఏడాది అటూఇటూ రావచ్చు.

తేదీ తర్వాత నిలిపినవారి పేరు, ప్రార్థనలో తలుచుకోమనే వేడుకోలు వెతకండి. 1045లో రాజధాని ఆని చేజారి, 1375లో కిలికియాలోని ఆర్మేనియన్ రాజ్యమూ కూలాక ఆర్మేనియన్లకు శతాబ్దాల పాటు సొంత రాజ్యం లేదు. భాష, లిపి, పూర్వీకుల పేర్లు చర్చి నీడలోనే నిలిచాయి. మతాన్ని, జాతిని వాళ్లు విడదీసి చూడకపోవడానికి కారణం ఈ రాళ్ల మీదే కనిపిస్తుంది.

చివరగా కొలబద్ద ఆనించి ముందు, వెనుక, రెండు అంచులూ ఫోటో తీయండి; శాసనం అంచుల మీదకూ పాకుతుంది. ఇప్పుడు అజర్‌బైజాన్‌లో ఉన్న నఖిచెవాన్‌లోని పాత జుల్ఫా శ్మశానంలో వేల ఖచ్‌కార్లు ఉండేవి. 2006 నాటికి ఆ చోట ఒక్కటీ లేదు. ఇప్పుడు వాటిలో చాలావాటిని పాత ఫోటోల్లోనే చదవాలి.