సున్నపురాయి చదువుదాం – 4: గుండ్రంగా ఉన్నదల్లా ఫోరామ్ కాదు

ఈ పాఠం డన్‌హామ్ వర్గీకరణతో (గింజలనూ బురదనూ బట్టి సున్నపురాయికి పేరు పెట్టే పద్ధతి) మొదలవ్వాల్సింది. కాస్త ఆగాలి. పోయినసారి బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పడేసే ముక్కొకటి తెచ్చి లెన్స్ కింద చూడమంటే, చాలామంది ‘ఫోరామినిఫెరా దొరికింది, కాబట్టి లోతు తక్కువ సముద్రం’ అని రాశారు. ఫోరామినిఫెరా, పొట్టిగా ఫోరామ్, అంటే గుల్ల కట్టుకునే ఏకకణ జీవి. సముద్రం సరే. ఫోరామ్ మాత్రం ఆ రాయిలో ఉండదు.

ఆ బండ కర్నూలు గ్రూపు అనే శిలల వరుసలోని నార్జి సున్నపురాయి, ప్రీకేంబ్రియన్‌ది, అంటే సుమారు 54 కోట్ల ఏళ్లకు ముందుది. గదులు గదులుగా సున్నపు గోడలు కట్టే ఫోరామ్‌లు దండిగా కనబడేది డెవోనియన్ చివర, కార్బోనిఫెరస్ నుంచి, అంటే సుమారు 36 కోట్ల ఏళ్ల కిందటి నుంచి. కడప జిల్లా వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి లాంటి రాయి) ఇంకా ముసలిది: దాని పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన సిల్‌కే (పొరల మధ్య దూరి గట్టిపడిన శిలాద్రవపు పలకకే) దాదాపు 188 కోట్ల ఏళ్లు. అక్కడ వెతకాల్సింది స్ట్రోమటోలైట్లను, అంటే సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా కట్టిన దిబ్బలను. రాయి వయసు అడగకుండా శిలాజానికి పేరు పెట్టొద్దు.

మరి ఆ గుండ్రటివేమిటి? లోపలేమీ లేని ముద్దలాంటి బురద గింజైతే పీలాయిడ్. నడుమ చిన్న గింజ, దాని చుట్టూ ఉల్లిపొరల్లా చుట్లు, మొత్తం 2 మి.మీ. లోపు ఉంటే ఊయిడ్. అలలు దొర్లించే చోట తయారవుతుంది. ఫోరామ్ అనాలంటే వరుసగా పెరిగే గదులు, వాటి మధ్య అడ్డగోడ, ఆ అడ్డగోడ బయటి గోడకు అతుక్కుని ఉండటం కనబడాలి. ఊయిడ్ నడుము కరిగిపోయి స్పార్ (తేటగా ఉండే కాల్సైట్ స్ఫటికాలు) నిండితే ‘గది’లా మోసం చేస్తుంది. అడ్డగోడ లేదు కదా, వదిలేయండి. అంచుల్లేని మచ్చైతే బురద తిరిగి స్ఫటికీకరించి ఏర్పడిన సన్నటి కాల్సైట్, అంటే మైక్రోస్పార్ కావచ్చు.

ఇంకో తప్పు: అందరూ బండ ముఖమే చూశారు. అది పొర వెంబడి చీలిన ముఖం. కథంతా అంచులో ఉంటుంది. పొరకు అడ్డంగా కోసిన ముఖాన్నే చూడండి.

నాకు పలుచటి సెక్షన్ (వెలుగు దూరేంత పల్చగా అరగదీసిన రాతి ముక్క) కంటే పీల్ (రాతి ముఖం అచ్చు పడిన ప్లాస్టిక్ పొర) ఇష్టం, చవక. కోసిన ముఖాన్ని 400, 600, 1000 వాటర్ పేపర్లతో నునుపు చేయండి. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 10–15 సెకన్లు ముంచి, కడిగి, ఆరబెట్టండి. అసిటోన్ పోసి అసిటేట్ షీట్‌ను ఒక అంచు నుంచి వాల్చుతూ పరచండి. ఒక్కసారిగా వేస్తే గాలిబుడగలు చిక్కుకుంటాయి, వాటినీ ఫోరామ్‌లనే అంటారు. అరగంట ఆగి ఒలవండి. తొందరపడితే షీట్ సాగుతుంది. డోలమైట్ ఈ యాసిడ్‌కు సరిగ్గా కొరకబడదు, పొడి చేస్తేనే బుసబుసలాడుతుంది.

డన్‌హామ్ (1962) ఒక్క ప్రశ్నలో: గింజలు బురదలో తేలుతున్నాయా, ఒకదాన్నొకటి ఆనుకున్నాయా? తేలితే, గింజలు 10 శాతం లోపైతే మడ్‌స్టోన్, మించితే వాకీస్టోన్. ఆనుకుని మధ్యలో బురదుంటే ప్యాక్‌స్టోన్, లేకుంటే గ్రెయిన్‌స్టోన్. కోతలో తాకని గింజలు లోతులో తాకి ఉండొచ్చు. మడ్‌స్టోన్ కనబడగానే లోతు సముద్రం అనకండి, ప్రశాంతమైన లగూన్ కూడా అంతే. ఎండు పగుళ్లు, బల్లపరుపు గులకరాళ్లు తోడుంటే తీరం పక్కే.

అభ్యాసం: ఏదైనా రోడ్డు కోతలో 2 మీటర్ల పొడవున పొరపొరా కొలిచి, కనీసం 8 పీల్‌లు తీసి, ప్రతిదానికీ పేరూ, నీటి కదలిక గురించి ఒక వాక్యమూ రాయండి. బెలూం, యాగంటి గుహల్లో సుత్తి ఎత్తొద్దు.