‘చొరబాటు’ పుట్టుకను వెతకడం ఎలా?

ఒడిశా అడవుల నుంచి ఏనుగుల గుంపు శ్రీకాకుళం జిల్లా కొండవార పల్లెల్లోకి దిగి వరిచేలను తొక్కితే, అవి పొలాల్లోకి ‘చొరబడ్డాయి’ అని రాస్తాం. పిలవని రాకను, ఇష్టం లేని ప్రవేశాన్ని చెప్పే ఈ మాట పుట్టుక తెలియాలంటే ముందు దానిని అతుకుల దగ్గర విప్పాలి.

‘బాటు’తో ముగిసే నామవాచకం ఎదురైతే దాని వెనుక ‘పడు’ ఉందేమో చూడండి. పొరబడు నుంచి పొరబాటు, తడబడు నుంచి తడబాటు వచ్చినట్టే చొరబడు నుంచి చొరబాటు వచ్చింది. ఇందులోని తొలి భాగం ‘చొరన్’. ద్రుతం (మాట చివరి నకారం) మీది పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కనుక ‘పడు’ ‘బడు’ అయి, చొరఁబడు అనే రూపం ఏర్పడింది. పాత పుస్తకాల్లోని ఆ అరసున్న లోపలి నకారానికి గుర్తు కాబట్టి దానిని అచ్చుతప్పుగా భావించి వదిలేయకూడదు. కనఁబడు, వినఁబడు కూడా ఇలా పుట్టినవే.

చాలామంది పొరబడేది ఆ తరువాతి మెట్టు దగ్గరే. ధ్వని పోలికను నమ్మి సంస్కృత ‘చోర’ శబ్దాన్ని తెచ్చి, దొంగతనాన్ని ఈ మాటకు అంటగడతారు. ‘చొరన్’ అచ్చ తెలుగు ధాతువైన ‘చొచ్చు’ రూపం. నిఘంటువులో వెతకవలసింది అక్కడే. వచ్చుకు రప్పించు, తెచ్చుకు తెప్పించు ఉన్నట్టే చొచ్చుకు చొప్పించు ఉంది.

ఇప్పుడు అర్థాలను పోల్చండి. నాకు అన్నిటికన్నా ప్రియమైన పని ఇదే. చొచ్చడం అంటే లోపలికి వెళ్లడమే. అందులో నింద లేదు. దిక్కులేనివాడు శరణుజొచ్చేదీ, మనం మెచ్చుకునే ‘చొరవ’ పుట్టిందీ ఈ ధాతువు నుంచే. చొరబాటులోని నేరం ధాతువుది కాదు, గడప లోపల నిలబడి చూసేవారిది.

చివరగా వాడుకను వినండి. 1863లో శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర అనే గిరిజన భాషలోని మాటలను సవరల నోటనే నేర్చుకుని, వారి భాషకు నిఘంటువు కూర్చారు. మీరు కూడా ‘చొరబడ్డారు’ అన్న ప్రతి వాక్యాన్ని రాసుకుని, లోపలికి వచ్చినవారెవరో, ఆ మాట అన్నవారెవరో దాని పక్కనే గుర్తుపెట్టండి.