పాత బండికి కొత్త ఫోర్కులు: పానా పట్టే ముందు

☐ ఫోర్కులంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాకబ్జార్బర్ గొట్టాలు. వాటి కోసం హైదరాబాద్‌లో పుట్లీబౌలికో రాణిగంజ్‌కో వెర్నియర్ కాలిపర్‌తోనే (మందం కొలిచే పనిముట్టు) వెళ్లండి. ఫోర్క్ రాడ్డు వ్యాసం ఒక్కటే సరిపోతే చాలదు. స్టీరింగ్ స్టెమ్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు) పొడవు, కోన్‌సెట్ (దాని బేరింగులు) కొలత, యాక్సిల్ మందం కూడా కలవాలి. ‘ఫిట్ అయిపోతది భాయ్’ అన్న మాట కొలత కాదు.

☐ సెకండ్ హ్యాండ్ రాడ్డు అయితే అద్దం మీద దొర్లించండి. ఎగిరినట్టు కదిలితే వంపు ఉన్నట్టే. రాడ్డు ఆయిల్ సీల్‌లో జారేచోట క్రోమ్ లేచిపోతే కొత్త సీల్ కూడా కారుతుంది.

☐ పొడవు మరీ ముఖ్యం. పొడవైతే హ్యాండిల్ బరువెక్కుతుంది, పొట్టిదైతే వేగంలో వణుకుతుంది. స్ప్రింగులు లేకుండా పూర్తిగా కిందికి నొక్కి చూడండి: టైరు మడ్‌గార్డుకో టీకో (ఫోర్కులను బిగించే పట్టీ) తగలకూడదు.

☐ డిస్క్ బ్రేకు పెడితే హబ్బు, స్పీడోమీటర్ డ్రైవు కూడా మారతాయి. ఆ ఖర్చు ముందే లెక్కేయండి.

☐ ఫోర్కులు విప్పేటప్పుడు సెంటర్ స్టాండ్ ఒక్కటే నమ్మొద్దు, ఇంజిన్ కింద జాకీ ఉండాలి.

☐ ఫోర్కు పై క్యాప్ కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, ముఖం పక్కకు పెట్టి విప్పండి.

☐ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులను కట్టడి చేస్తుంది. ముందు ఆర్టీఏలో అడగండి.